ఇంటి రక్షణ రివాల్వర్‌కు తూటా ఎంచుకోవడం ఎలా

రివాల్వర్ కొనేటప్పుడు నెలల తరబడి ఆలోచిస్తాం. పట్టు ఎలా ఉంది, ట్రిగ్గర్ ఎంత గట్టిగా ఉంది, గొట్టం పొడవెంత అని పదిమందిని అడుగుతాం. అందులో వేసే తూటా దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అమ్మేవాడు ఏది చేతిలో పెడితే అదే తెచ్చుకుంటాం. రివాల్వర్ మన చేతిలోనే ఉండిపోతుంది. దూసుకెళ్ళేది తూటా. అది ఎవరికి తగిలింది, ఎక్కడ ఆగింది అన్నదానికి పేల్చినవాళ్ళే జవాబు చెప్పాలి. పక్క గదిలో పిల్లలు పడుకునే ఇంట్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ చేత్తో, మీ రివాల్వర్‌తో, త్వరత్వరగా ఐదుసార్లు పేల్చినా అనుకున్న చోటే తగిలించగలిగే తూటాయే మీకు మంచి తూటా. డబ్బా మీద అచ్చువేసిన వేగం, శక్తి లెక్కలు ఆ తరవాతే చూడాలి.

రెండు మాటల అర్థం చెప్పుకుని ముందుకు వెళ్దాం. తూటా అంటే ఇత్తడి కేసు, అడుగున సుత్తి దెబ్బకు మందును అంటించే ప్రైమర్, లోపల మందు, పైన బుల్లెట్, ఈ నాలుగూ కలిసినది. పేల్చినప్పుడు గొట్టంలోంచి బయటికి వెళ్ళేది బుల్లెట్ ఒక్కటే. దాని బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రాముకు సుమారు 15.4 గ్రెయిన్లు. అంటే 158 గ్రెయిన్ల బుల్లెట్ పది గ్రాముల పైచిలుకు ఉంటుంది.

మొదట గొట్టం మీది అక్షరాలు చదవండి

రివాల్వర్ ఖాళీ చేసి, తూటాలు నింపే సిలిండర్ తెరిచి, ఒక్కో అరనూ కంటితో చూసి, వేలితో తడిమి, ఏమీ లేదని తేల్చుకున్నాకే ఈ పని మొదలుపెట్టండి. గొట్టం పక్కన ఏ తూటాకు తయారుచేశారో చెక్కి ఉంటుంది. తూటా అడుగున ప్రైమర్ చుట్టూ కూడా పేరు ఉంటుంది. రెండూ సరిపోవాలి. అరలో పట్టింది కదా అని అది మీ తూటా అనుకోకండి.

.38 స్పెషల్ 1898లో వచ్చింది. .357 మాగ్నమ్ 1935లో వచ్చింది. పేర్లలో అంకెలు వేరైనా రెండింటి బుల్లెట్ వ్యాసం ఒకటే, అంగుళంలో 0.357 వంతు. మాగ్నమ్ కేసు మూడు మిల్లీమీటర్ల పైన పొడవుగా ఉంటుంది. అది పాత .38 రివాల్వర్లలో దూరకుండా ఉండాలనే అలా పొడిగించారు. అందువల్ల .357 రివాల్వర్‌లో .38 స్పెషల్ నిశ్చింతగా వాడవచ్చు, .38 రివాల్వర్‌లో .357 మాత్రం వాడకూడదు. .44 మాగ్నమ్ రివాల్వర్‌కూ .44 స్పెషల్ తూటాకూ ఉన్న సంబంధం ఇలాంటిదే. .327 ఫెడరల్ రివాల్వర్‌లో .32 హెచ్ అండ్ ఆర్ మాగ్నమ్, .32 ఎస్ అండ్ డబ్ల్యు లాంగ్ కూడా పేలతాయి.

పేరు కలిసినా తూటా కలవనివీ ఉన్నాయి, పొరపాట్లు జరిగేది వీటి దగ్గరే. పాత .38 ఎస్ అండ్ డబ్ల్యు తూటా .38 స్పెషల్ కాదు. అది పొట్టిగా, కాస్త లావుగా ఉంటుంది. .22 మాగ్నమ్ అరలో మామూలు .22 లాంగ్ రైఫిల్ తూటా వదులుగా కూర్చుంటుంది. పేలిస్తే కేసు చీలిపోవచ్చు. .45 కోల్ట్, .45 ఏసీపీ కూడా వేరు వేరు. అనుమానం వస్తే రివాల్వర్‌తో వచ్చిన పుస్తకం చూడండి. పుస్తకం లేకపోతే తుపాకులు బాగుచేసేవారికి చూపించండి.

చట్టం సంగతి కూడా డబ్బా కొనకముందే తేల్చుకోవాలి. కొన్ని చోట్ల విచ్చుకునే బుల్లెట్లను పౌరులు వాడకూడదు. కొన్ని చోట్ల ఎన్ని తూటాలు దగ్గర పెట్టుకోవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. ‘డమ్‌డమ్ బుల్లెట్’ పేరు చాలామంది వినే ఉంటారు. 1890ల్లో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం నుంచి వచ్చిన పేరది. విచ్చుకునే బుల్లెట్లు యుద్ధంలో వాడకూడదని 1899 నాటి హేగ్ ప్రకటన చెప్పింది, అయితే అది దేశాల మధ్య యుద్ధాలకు సంబంధించిన మాట. ఇంట్లో పెట్టుకునే ఆయుధానికి మీరుండే చోటి చట్టమే లెక్క.

తరవాత ఒత్తిడి

తూటా పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడికి తయారీదారులు ఒక హద్దు పెట్టుకున్నారు. అమెరికా ప్రమాణాల ప్రకారం మామూలు .38 స్పెషల్‌కు ఆ హద్దు చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు, ‘ప్లస్ పి’ అని రాసిన .38కు 20,000, .357 మాగ్నమ్‌కు 35,000. మామూలు .38 నుంచి ప్లస్ పికి వెళ్ళడం ఒక మెట్టు ఎక్కడం లాంటిదైతే, మాగ్నమ్‌కు వెళ్ళడం మేడ ఎక్కడం.

మీ రివాల్వర్ ప్లస్ పి తట్టుకుంటుందని తయారీదారు రాసి ఇస్తేనే అది వాడండి. తాతల నాటి రివాల్వర్లకు, పాత అల్యూమినియం చట్రం ఉన్నవాటికి మామూలు ఒత్తిడి తూటాలే మేలు. మాగ్నమ్ రివాల్వర్ అయినా అన్ని మాగ్నమ్ తూటాలూ దానికి సమానం కావు. స్మిత్ అండ్ వెసన్ సంస్థ మధ్యరకం చట్రం మీద చేసిన .357 రివాల్వర్లలో 125 గ్రెయిన్ల వేగవంతమైన తూటాలు తెగ పేల్చినప్పుడు గొట్టం మొదట్లో పగుళ్ళు వచ్చిన సంగతి ఆ రంగంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు.

సొంతంగా మందు నింపుకున్న తూటాలు సాధనకు సరే, ఇంటి రక్షణకు వద్దు. ఎంత జాగ్రత్తగా చేసినా కర్మాగారంలో జరిగే తనిఖీ ఇంట్లో జరగదు. పైగా రేపు న్యాయస్థానంలో ఆ తూటా ఎందుకు చేశావు, ఎలా చేశావు అని అడిగితే మీ మాట తప్ప వేరే రుజువు ఉండదు.

బుల్లెట్ ఆకారం

ఎక్కువ సేపు కూర్చుని ఆలోచించాల్సింది ఇక్కడే.

గుండ్రటి ముక్కున్న సీసపు బుల్లెట్, పూర్తిగా రాగి తొడుగున్న బుల్లెట్ నున్నగా లోపలికి దూరి, చాలాసార్లు అవతలికి వెళ్ళిపోతాయి. ఇవి సాధనకు బాగుంటాయి. హాలో పాయింట్ అంటే ముక్కు దగ్గర గుంట ఉన్న బుల్లెట్. శరీరంలోని తడి ఆ గుంటలో ఒత్తుకుని బుల్లెట్ పువ్వులా విచ్చుకుంటుంది. వెడల్పయ్యే కొద్దీ వేగం తగ్గి లోపలే ఆగే అవకాశం పెరుగుతుంది. ఇంటి రక్షణకు దీన్నే ముందు చెప్పడానికి కారణం అదే.

ఎంత లోతు వెళ్తే చాలు? 1986 ఏప్రిల్‌లో అమెరికాలోని మయామీలో జరిగిన కాల్పుల్లో ఆ దేశపు దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు చనిపోయారు. ఆ రోజు మొదట్లోనే ఒక దుండగుడికి తగిలిన బుల్లెట్ అతని చేతిలోంచి ఛాతీలోకి వెళ్ళి, గుండెకు కొంచెం ఇవతలే ఆగిపోయింది. అతను ఆ తరవాత కూడా పేలుస్తూనే ఉన్నాడు. అప్పటి నుంచి ఎఫ్‌బీఐ కండకు బదులుగా పెట్టే 10 శాతం జెలటిన్ దిమ్మెలో బుల్లెట్ కనీసం 12 అంగుళాలు వెళ్ళాలని, 18 దాటకూడదని ప్రమాణం పెట్టుకుంది. అంటే 30 నుంచి 46 సెంటీమీటర్లు. ముందు నాలుగు పొరల మందపాటి బట్ట పెట్టి కూడా పరీక్షిస్తారు. అడ్డంగా వచ్చిన చెయ్యి, పక్కకు తిరిగిన ఒళ్ళు, చలికోటు ఇవన్నీ దాటాలి కాబట్టి ఈ లోతు అడుగుతారు. తూటా తయారీ సంస్థలు ఈ పరీక్షల ఫలితాలను చాలావరకు బయటపెడుతున్నాయి. వాటిని చూడండి, అయితే ఎంత పొడవు గొట్టంతో పరీక్షించారో మాత్రం తప్పక చూడండి.

బట్టల పీచు గుంటలో కూరుకుపోతే హాలో పాయింట్ విచ్చుకోదు, మామూలు బుల్లెట్‌లా దూసుకుపోతుంది. దీనికి విరుగుడు ఒక్కో తయారీదారు ఒక్కోలా కనిపెట్టారు. హార్నడీ క్రిటికల్ డిఫెన్స్‌లో ఆ గుంటను మెత్తటి ఎర్ర రబ్బరు లాంటి ముక్కతో నింపుతారు. స్పీర్ గోల్డ్ డాట్ 135 గ్రెయిన్ల ప్లస్ పి తూటా పొట్టి గొట్టాల కోసమే చేసినది, దాని గుంట వెడల్పుగా ఉంటుంది. ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ 130 గ్రెయిన్ల ప్లస్ పిలో బుల్లెట్ కేసు లోపలికే దిగి, పైకి ముక్కు కనిపించకుండా ఉంటుంది.

పాతకాలపు తూటా ఒకటి ఉంది, నాకు దాని మీద గౌరవం. 158 గ్రెయిన్ల మెత్తటి సీసంతో, గుంటతో, అంచు పదునుతో చేసిన ప్లస్ పి .38 అది. 1970ల్లో ఎఫ్‌బీఐ వాడడంతో ‘ఎఫ్‌బీఐ లోడ్’ అన్న పేరు పడింది. రాగి తొడుగు లేదు కాబట్టి తక్కువ వేగంలోనూ విచ్చుకుంటుంది, బరువు ఉంది కాబట్టి లోతుకూ వెళ్తుంది. నాలుగు అంగుళాల ఉక్కు రివాల్వర్ ఉన్నవారు దీన్ని తీసిపారేయకూడదు.

ఇక వాడ్‌కట్టర్. ముక్కే లేకుండా మొద్దుగా, సున్నపు బిళ్ళలా ఉండే 148 గ్రెయిన్ల సీసపు బుల్లెట్. గురి పోటీల కోసం పుట్టింది, కాగితంలో గుండ్రంగా చిల్లు పడాలని. విచ్చుకోదు, ఆ అవసరమూ లేదు. చదునైన అంచు తగిలిన చోట తన వెడల్పు మేర కోసుకుంటూ వెళ్తుంది. పేల్చినప్పుడు చేతిని వెనక్కి నెట్టే తన్ను చాలా తక్కువ. పొట్టి, తేలిక రివాల్వర్ ఉన్నవారికి, మణికట్టు నొప్పి ఉన్నవారికి, పెద్దవయసువారికి నేను మొదట చేతిలో పెట్టేది ఇదే.

పక్షులకు, పాములకు వాడే చిన్న గుండ్ల తూటాలు ఇంటి రక్షణకు పనికిరావు. ఆ గుండ్లు కావలసిన లోతుకు వెళ్ళవు.

మీ గొట్టం పొడవు లెక్కలోకి తీసుకోండి

డబ్బా మీది వేగాన్ని చాలాసార్లు నాలుగంగుళాలో, అంతకంటే పొడవైనదో గొట్టంతో కొలుస్తారు. 125 గ్రెయిన్ల .357 తూటాకు నాలుగంగుళాల గొట్టంతో సెకనుకు సుమారు 440 మీటర్ల వేగం రాస్తారు. రెండంగుళాల గొట్టంలో అది బాగా పడిపోతుంది. కాలాల్సిన మందు గొట్టం బయట కాలి మంటగా, చప్పుడుగా మారుతుంది. నాలుగంగుళాలకు తగ్గట్టు చేసిన హాలో పాయింట్‌కు పొట్టి గొట్టంలో విచ్చుకోవడానికి చాలినంత వేగం అందకపోవచ్చు. అందుకే రెండంగుళాల రివాల్వర్ ఉంటే పొట్టి గొట్టానికని చెప్పి చేసిన తూటా గాని, వాడ్‌కట్టర్ గాని చూడండి.

తన్ను, చప్పుడు, వెలుగు

నా అనుభవం ఒకటి చెబుతాను. నాలుగు వందల గ్రాముల పైచిలుకు బరువున్న ఐదు తూటాల రివాల్వర్‌లో 125 గ్రెయిన్ల మాగ్నమ్ నింపుకుని సాధన మైదానానికి వెళ్ళాను. మొదటిది మధ్యలోనే తగిలింది. రెండో దానికే నా కళ్ళు మూసుకుపోతున్నాయి. ఐదో తూటా కాగితం మీద కూడా పడలేదు. నేర్పే పెద్దాయన ఏమీ అనకుండా ఐదు వాడ్‌కట్టర్లు నా చేతిలో పెట్టారు. ఏడు మీటర్ల నుంచి ఐదూ అరచెయ్యి కప్పేంత చోటులో పడ్డాయి. పక్క గదిలో పిల్లలుండే ఇంట్లో గురి తప్పిన నాలుగు మాగ్నమ్‌లు ఎక్కడికి వెళ్ళేవో ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఆ మాగ్నమ్ డబ్బా మళ్ళీ ఆ రివాల్వర్ దగ్గరికి రాలేదు.

మీరు జంకుతున్నారో లేదో మీకు మీరే తెలుసుకునే పద్ధతి ఉంది. మీకు కనబడకుండా స్నేహితుడి చేత కొన్ని అరల్లో అసలు తూటాలు, కొన్నింట్లో ఉత్తుత్తి తూటాలు పెట్టించుకుని పేల్చండి. సుత్తి పడీ పేలనప్పుడు గొట్టం ముందుకు వంగిందంటే మీరు తన్నును ముందే ఊహించి చెయ్యి నొక్కుతున్నారన్నమాట. తూటా మార్చి చూడండి. మెత్తటి తూటాతో ఆ వంపు తగ్గితే మీకు జవాబు దొరికినట్టే.

మూసిన గదిలో చప్పుడు సంగతి చాలామంది తలచుకోరు. ఒక్కసారి వినిపించే పేలుడు 140 డెసిబెల్స్ దాటితే వినికిడికి హాని. .357 మాగ్నమ్ 160 కూడా దాటుతుంది. .38 కూడా చెవులకు మంచిదేమీ కాదు, అయినా తేడా తేడాయే. చీకట్లో మాగ్నమ్ మంట కళ్ళ ముందు తెల్లటి మచ్చ వేస్తుంది. ఆ మచ్చ తొలగేలోపు మీ ఎదురుగా ఎవరున్నారో మీకు కనిపించదు. తక్కువ మంట ఇచ్చే మందు వాడామని తయారీదారు చెప్పిన తూటాలకు నా దృష్టిలో అందుకే ఎక్కువ మార్కులు.

గోడల అవతల ఎవరున్నారు

ఈ పనికి తూటా అక్కర్లేదు, ఒక కాగితం చాలు. ఇంటి పటం గీయండి. మీరు ఎక్కడ నిలబడతారు, వచ్చేవాళ్ళు ఏ తలుపు నుంచి రావచ్చు, ఆ గీతను పొడిగిస్తే వెనక ఏముంది? మంచాలన్నీ గుర్తించండి. జిప్సమ్ పలకల గోడ ఏ రక్షణ తూటానూ ఆపదు. 12 అంగుళాల జెలటిన్ దాటే బుల్లెట్ అలాంటి గోడలు ఒకటి కాదు, రెండు మూడు కూడా దాటగలదు. అది హాలో పాయింట్ అయినా సరే, పలక పొడి గుంటలో కూరుకుని విచ్చుకోకుండా వెళ్ళొచ్చు. ఇటుక, కాంక్రీటు గోడలు ఆపుతాయి గాని ముక్కలు వెనక్కీ పక్కకీ చిమ్ముతాయి. కాబట్టి ‘గోడ దాటని తూటా’ అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. ఏ దిక్కుకు పేల్చకూడదో ముందే మనసులో పెట్టుకోవడమే అసలు ఉపాయం. గదులు మార్చుకుని పిల్లల మంచాలను ఆ గీతలోంచి తప్పించడం ఇంకా మంచిది.

కొన్నది పరీక్షించండి

రెండు మూడు రకాలు ఒక్కో చిన్న డబ్బా తెచ్చుకుని పోల్చండి. ఒకదాన్ని ఎంచుకున్నాక అదే తూటా కనీసం యాభై పేల్చి చూడమంటాను. ఖరీదే, కానీ ఇక్కడ పొదుపు చేయకండి. చెవులకు, కళ్ళకు రక్షణ తప్పనిసరి. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందులోంచి వేడి వాయువు చిమ్ముతుంది, బొటనవేలు అటు పోనివ్వకండి.

ముందు చూడాల్సింది ప్రతి ప్రైమరూ పేలుతోందా అని. ట్రిగ్గర్ తేలిక కావాలని స్ప్రింగు మార్పించిన రివాల్వర్లలో సుత్తి దెబ్బ చాలక కొన్ని రకాల గట్టి ప్రైమర్లు మొరాయిస్తాయి. సాధనలో అలా పేలకపోతే గొట్టాన్ని సురక్షిత దిక్కుకే పట్టుకుని అర నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలవచ్చు. చప్పుడు తుస్సుమన్నట్టు వస్తే వెంటనే ఆపి, ఖాళీ చేసి, గొట్టంలో బుల్లెట్ ఇరుక్కుందేమో చూడండి. అది చూడకుండా ఇంకోటి పేల్చకూడదు.

తేలిక రివాల్వర్లలో ఇంకో చిక్కు ఉంది. పేలిన తూటాల తన్నుకు, ఇంకా పేలని తూటాలోని బుల్లెట్ కేసులోంచి మెల్లగా ముందుకు జారుతుంది. మరీ జారితే సిలిండర్ ముందు బయటికి పొడుచుకొచ్చి తిరగకుండా పట్టేస్తుంది. సిలిండర్ నింపి, ఒక్కటి మిగిల్చి మిగతావన్నీ పేల్చండి. మిగిలినదాన్ని తీసి, డబ్బాలోని కొత్త తూటా పక్కన పెట్టి పొడవు చూడండి. తేడా కనిపిస్తే ఆ తూటా ఆ రివాల్వర్‌కు పనికిరాదు.

ఖాళీ కేసులు ఎజెక్టర్ కడ్డీ ఒక్కసారి నొక్కితే రాలిపోవాలి. పట్టుకుపోతుంటే అరలు శుభ్రం చేసి మళ్ళీ చూడండి. .357 రివాల్వర్‌లో చాలాకాలం .38 పేలిస్తే అర లోపల మసి వలయం కడుతుంది, దానివల్ల పొడవైన .357 తూటా పూర్తిగా దిగదు. గట్టి బ్రష్షుతో ఆ మసి వదిలించాలి.

గురి చూసుకునే సైట్లను సర్దలేని రివాల్వర్లు ఎక్కువగా 158 గ్రెయిన్లకు సరిచేసి ఉంటాయి. తేలిక బుల్లెట్ గొట్టాన్ని త్వరగా వదిలేస్తుంది కాబట్టి కాస్త కిందికి తగులుతుంది. గది పొడవు దూరంలో ఈ తేడా చిన్నదే, అయినా ఎంతో తెలుసుకుని ఉండండి. మళ్ళీ నింపడం కూడా సాధన చేయండి. మొద్దు ముక్కు వాడ్‌కట్టర్లు అరల అంచుకు తట్టుకుంటాయి. అందుకే నేను రివాల్వర్‌లో వాడ్‌కట్టర్లు నింపి, తూటాలన్నీ ఒకేసారి నింపే స్పీడ్‌లోడర్‌లో మాత్రం అదే రివాల్వర్‌లో పరీక్షించిన గుండ్రటి ముక్కు హాలో పాయింట్లు పెట్టుకుంటాను.

నెలనెలా సాధనకు ఖరీదైన తూటాలే కావాలని లేదు. అంతే బరువు బుల్లెట్, దగ్గర దగ్గరగా అంతే తన్ను ఉన్న చవక తూటాలతో చేసి, చివర ఒక సిలిండర్ అసలు తూటాలతో పేల్చండి.

దాచడం

తూటాలు చల్లగా, తేమ లేకుండా, వాటి అసలు డబ్బాలోనే ఉండాలి. అటక మీద ఎండ వేడికి, స్నానాల గది పక్కన చెమ్మకు పెట్టవద్దు. రివాల్వర్‌కు నూనె రాసిన చేత్తో తూటాలు ముట్టుకోవద్దు, లోపలికి ఇంకే రకం నూనెలు ప్రైమర్‌ను పాడుచేయగలవు. పచ్చటి కిలం పట్టినవి, నొక్కుపడినవి పక్కన పెట్టండి. రివాల్వర్‌లో ఉంచినవాటిని ఏడాదికోసారి సాధనలో పేల్చేసి కొత్తవి నింపండి. కొన్న తేదీ డబ్బా మీద రాసుకుంటే ఇది మరిచిపోరు.

పిల్లలు ఉన్నా, అప్పుడప్పుడు వచ్చిపోయినా రివాల్వర్ తాళం వేసిన పెట్టెలోనే ఉండాలి, విడి తూటాలు వేరే తాళం కింద. దిండు కింద, బీరువా పైన పెట్టి పిల్లలకు తెలియదనుకోకండి, వాళ్ళకు తెలుసు. మీటలు నొక్కితే తెరుచుకునే చిన్న పెట్టెలు దొరుకుతాయి. ఖాళీ రివాల్వర్‌ను అందులో పెట్టి, దీపం ఆర్పేసి, ఎంతసేపట్లో తీయగలుగుతున్నారో ఈ వారమే ఒకసారి చూసుకోండి.